భయానికి మార్కులు

ఆ వానాకాలం మా సమ్మె యాభై ఒక్క రోజులు నడిచింది. ఇరవై మూడో రోజున నేను ఒక మనిషిని చావబాదాను.

నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. బ్రేకులు నా పని. సమ్మె కమిటీలో నాకు పదవంటూ ఏమీ లేదు గానీ, ఎక్కడ గొడవ జరిగేట్టుంటే అక్కడికి నన్నే పంపేవాళ్లు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఊరికే ముందు నిలబడు చాలు," అని మా కార్యదర్శి నవ్వేవాడు. అది నాకు పొగడ్తలాగే వినిపించేది.

మూడో వారంలో యాజమాన్యం బయటి డ్రైవర్లను పెట్టి బస్సులు తిప్పడం మొదలుపెట్టింది. మా కింది వాటాలో ఉండే లారీ డ్రైవరు కూడా అందులో చేరాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెట్ల మీద ఎదురుపడితే "రా అన్నా" అంటూ గోడకు అతుక్కుపోయి దారిచ్చే మనిషి. అతను చేరాడని తెలిసినా నేను వాళ్ల తలుపు తట్టలేదు. తట్టి రెండు మాటలు మాట్లాడి ఉండాల్సింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, వంతెన దిగే చోట బస్సు ఆపాం. వాన దంచి కొడుతోంది. మేం పన్నెండు మందిమి. మొదటి రాయి ఎవరిదో తెలీదు, రెండోది నాదే. ముందరి అద్దం భళ్లుమంది. జనం వెనక తలుపు నుంచి ఒకరి మీద ఒకరు పడుతూ దూకి పారిపోయారు. నేను డ్రైవరు పక్క తలుపు తెరిచి, కాలరు పట్టుకుని కిందికి లాగాను. బురదలో బోర్లా పడి, వెల్లకిలా తిరిగాక గానీ మా కింది వాటా అతనని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కోపం తగ్గలేదు, రెట్టింపయింది.

చేతిలో చక్రాల నట్లు విప్పే స్పానరు ఉంది. మొదటి దెబ్బ మోకాలి మీద వేశాను. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడయింది.

"అన్నా, నేనన్నా! లోపల... అన్నా, లోపల..." అంటూ అతను బస్సు వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

మళ్లీ లోపలికి ఎక్కి బండి తీస్తానంటున్నాడని అనుకున్నాను. స్పానరు వదిలేసి పిడికిలితో మూతి మీద గుద్దాను. ఒకటి, రెండు, మూడు. దవడ పక్కకు జరిగింది. ఆ తర్వాత అతనికి మాట రాలేదు. చెయ్యి మాత్రం బస్సు వైపే చూపిస్తూ ఉంది.

వెనక నుంచి ఎవరో నడుం పట్టుకుని లాగారు. మా డిపోలో అందరికంటే పెద్దవాడు, షుగరు జబ్బు మనిషి, కండక్టరు. "చాల్రా! చస్తాడ్రా, చాలు!" అని ఏడుస్తున్నాడు. విదిలించుకుంటే నా మోచెయ్యి తగిలి ఆయన పెదవి చిట్లింది. అప్పుడే పోలీసు జీపు కూత వినపడింది. తలో దిక్కూ పరుగెత్తాం.

చీకటి పడ్డాక ఇంటికొచ్చేసరికి మా ఆవిడ స్నానాల గదిలో పాపకు తల దులుపుతోంది. నేల మీద తడిసిన స్కూలు యూనిఫాం. దాని పక్కన ప్లేటులో గాజు పెంకులు, ఒక్కొక్కటీ ఏరి పెట్టినవి.

"ఏమైంది?"

"బస్సు అద్దం."

"ఏ బస్సు?"

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. నా చొక్కా చూసింది. "నువ్వు ఆపిన బస్సు," అంది.

మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంట్లో దాన్ని కందిరీగ అనేవాళ్లం, నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. స్కూలు నుంచి వచ్చే దారి మీద ఆ బస్సే తిరుగుతోంది. తెలిసిన మావయ్యే నడుపుతున్నాడని డ్రైవరు వెనక ఒంటి సీట్లో కూర్చుందట. రాళ్లు పడగానే అతను వెనక్కి తిరిగి, "కండక్టరమ్మా, సీట్ల మధ్యన పడుకో, లేవొద్దు," అన్నాడట. పాపని అతనెప్పుడూ కండక్టరమ్మా అనే పిలిచేవాడు. పడుకుంది. తలుపు తెరిచే ఉంది. అక్కడి నుంచి అంతా కనపడింది. మేం పారిపోయాక లేచి, రెండు మైళ్లు వానలో ఒక్కతే నడిచొచ్చింది.

"నన్ను చూసిందా?" అన్నాను.

"అడుగు, ఇక్కడే ఉందిగా."

పాప గోడ వైపు తిరిగి ఉంది. నేను అడగలేదు.

మర్నాటి నుంచి స్కూలు టైముకు కడుపునొప్పి, వాంతులు. బలవంతంగా బూట్లు తొడిగితే తలుపు గడియ పట్టుకుని వేలాడేది. నాలుగో రోజున నేను వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకెళ్లబోతే, ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయి, ఊపిరాడక పెదాలు నీలంగా అయ్యాయి. మా ఆవిడ నా చేతుల్లోంచి దాన్ని లాక్కుంది. అప్పట్నుంచి తల్లి కొంగు వదలదు. తల్లి స్నానానికి పోతే తలుపు బయట కూర్చుని, "అమ్మా ఉన్నావా? అమ్మా ఉన్నావా?" అని నిమిషానికోసారి అడుగుతుంది. కందిరీగ అనిపించుకున్న ఆ పిల్లకు ఇక ఆ రెండు మాటలే మిగిలాయి.

మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. అక్కడ మూడో అంతస్తులో పిల్లల భయాలు చూసే మేడమ్ ఉందని విని, తీసుకెళ్లింది. మొదటి రెండు సార్లు నేనూ వెళ్లాను. నెరిసిన జుట్టు, పెద్ద కళ్లద్దాలు, తొందర లేని మనిషి. మందులేవీ రాయలేదు. ఒక తెల్ల కాగితం, రంగు పెన్సిళ్లు ముందు పెట్టింది.

"నీ లోపల ఒక కుక్క ఉంది," అంది పాపతో. "మంచి కుక్కే. దొంగొస్తే మొరగడం దాని పని. కానీ ఇప్పుడది పోస్టుమ్యాన్‌ని చూసినా మొరుగుతోంది, పాలవాణ్ని చూసినా మొరుగుతోంది. మనం దాన్ని కొట్టం, తరిమెయ్యం. ఎవరు దొంగో, ఎవరు కాదో నేర్పుతాం. సరేనా?"

పాప తల ఊపింది. కుక్కను గీయమంటే గీసింది. దానికి తోక పెట్టలేదు.

భయానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యడం నేర్పింది మేడమ్. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం నేర్పింది. ఒక కాగితం మీద నిచ్చెన గీయించింది. అడుగు మెట్టు మీద తక్కువ భయం, పైకి పోయేకొద్దీ ఎక్కువ. అమ్మ గదిలోకి వెళ్తే రెండు నిమిషాలు ఒంటరిగా ఉండటం, మూడు మార్కులు. అమ్మతో బస్టాపు దాకా నడవడం, ఐదు. ఆగి ఉన్న బస్సు ఎక్కి దిగడం, ఏడు. ఒక్కో మెట్టూ భయం సగానికి తగ్గేదాకా ఎక్కాలి, మళ్లీ మళ్లీ ఎక్కాలి. అన్నిటికంటే పై మెట్టు దగ్గర పాప ఏదో రాసి, కాగితం అంచు మడిచేసింది.

"అది నాకు చూపిస్తే చాలు," అంది మేడమ్. "మిగతా వాళ్లకు నీ ఇష్టం."

బయటికొచ్చాక నేను నవ్వాను. "బొమ్మలు గీస్తే భయం పోతుందంటావా?"

మా ఆవిడ పాప చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది. ఆ రోజుల్లో నాతో అవసరమైనంత వరకే మాట్లాడేది.

ఆ వారమే పోలీసులు కండక్టరును పట్టుకుపోయారు. పెదవి చిట్లి ఉండటం, చొక్కాకి నెత్తురు అంటి ఉండటం, అవే సాక్ష్యాలు. డ్రైవరు దవడకు తీగలు చుట్టి ఉన్నాయి, మాట్లాడలేడు, జ్వరంలో ఉన్నాడు. కండక్టరును స్టేషన్లో రెండు రోజులు అరికాళ్ల మీద కొట్టారు. ఆయన నా పేరు చెప్పలేదు. "మనవాడు గట్టివాడు," అన్నాడు కార్యదర్శి. "నువ్వు తొందరపడకు. సమ్మె గెలిస్తే కేసులన్నీ ఎత్తేయిస్తాం."

ఎందుకనో ఆ మాట నమ్మాను. నమ్మితే నాకు సుఖంగా ఉంది.

డిపో గేటు దగ్గర పోలీసులు లాఠీలతో విరుచుకుపడిన రోజు నా తలకు ఏడు కుట్లు పడ్డాయి. కట్టుతో మెట్లెక్కుతుంటే కింది వాటా ముందు డ్రైవరు భార్య బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నన్నెప్పుడూ అన్నయ్యా అనేది.

"నొప్పిగా ఉందా అన్నయ్యా?" అంది.

నేనేదో అనబోయాను. ఆమె ఇనప బకెట్టు ఎత్తి కుట్ల మీదే కొట్టింది. గోడకు తగిలి కూలబడ్డాను. రెండోసారి కొట్టింది. మూడోసారి చెయ్యి ఆడక బకెట్టు వదిలేసి, "ఆయనకి గొట్టంతో తాగిస్తున్నానయ్యా, గొట్టంతో! నీ కూతురు లోపలుందని చెప్పబోయాడు నీకు!" అని అరిచింది.

అతను చూపించిన చెయ్యి అప్పుడు అర్థమయింది నాకు. నెత్తురు కళ్లలోకి కారుతోంది. పైన మా తలుపు సందులోంచి పాప చూస్తోంది. నాతో కళ్లు కలవగానే తలుపు మూసుకుంది.

మేడమ్ దగ్గర పాప మాత్రం మెట్లెక్కుతోంది. మా ఆవిడ రాత పుస్తకంలో గుర్తు పెట్టేది. రెండు నిమిషాలు పది నిమిషాలయ్యాయి. బస్టాపు అయింది. ఆసుపత్రి అంబులెన్సులో కూర్చుని దిగింది. ఒక రోజు తల్లితో నవ్వుతూ వచ్చి, నన్ను చూసి ఆ నవ్వు ఆపేసింది. సమ్మె అలసట, తలకు కట్టు, గడ్డం... భయపడిందిలే అనుకున్నాను.

సమ్మె నలభయ్యో రోజున మేడమ్ నన్ను ఒక్కణ్నే రమ్మంది.

మడత విప్పిన నిచ్చెన కాగితం బల్ల మీద ఉంది. "మీకు చూపించమని పాపే చెప్పింది," అంది.

పై మెట్టు మీద పాప చేతిరాత. "అమ్మ లేకుండా నాన్న ఉన్న గదిలో పది నిమిషాలు." పక్కన పది మార్కులు.

రెండో కాగితం మీద రెండు గళ్లు. పైన: "నాన్న నన్ను కూడా కొడతాడు." ఎడమ గడిలో, నిజమనడానికి ఋజువులు: "మావయ్యని కొట్టాడు. తాతని కూడా కొట్టాడు." తాతంటే కండక్టరు. కుడి గడిలో, కాదనడానికి ఋజువులు: "ఇప్పటిదాకా కొట్టలేదు."

ఆ 'ఇప్పటిదాకా' దగ్గర ఏమైందో నాకు తెలీదు. కుర్చీ తన్నాను. అది పోయి అల్మరాకు తగిలి దాని కాలు విరిగింది. "దాని మీద ఎప్పుడైనా చెయ్యెత్తానా? ఒక్కసారి? మీరే నూరిపోశారు ఇదంతా!" అని బల్ల మీద గుద్దాను. పెన్సిళ్లు నేల మీద చెల్లాచెదురయ్యాయి.

మేడమ్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"ఇప్పుడు నా లోపల కుక్క కూడా మొరుగుతోంది," అంది. "మీరే చెప్పండి. అది పోస్టుమ్యాన్‌ని చూసి మొరుగుతోందా, దొంగని చూసా?"

నేను వంగి, కింద పడ్డ పెన్సిలొకటి తీసి బల్ల మీద పెట్టాను.

"బస్సు మంచిదేనని ఆ పిల్లకి నేను చెప్పగలను. స్కూలు మంచిదేనని చెప్పగలను. లేని ప్రమాదాన్ని లేదని చూపించడమే నా పని. మీ విషయంలో అలా చెప్పలేను, అబద్ధమవుతుంది. కుడి గడిలో రాయడానికి దానికి ఋజువులు కావాలి. అవి నా దగ్గర లేవు."

విరిగిన కుర్చీ నిలబెట్టబోయాను. నిలబడలేదు. గోడకు ఆనించి వచ్చేశాను.

తర్వాతి వారం నాతో కలిసి ఒక చిన్న మెట్టు ఎక్కడానికి పాప ఒప్పుకుంది. నేను ముందు, అది ఐదడుగులు వెనక, మెట్లు దిగి వీధి గుమ్మం దాకా వెళ్లి రావాలి. అమ్మ పైన కిటికీలో కనపడుతూ ఉండాలి. ఎనిమిది మార్కులు వేసుకుంది. పొద్దున పది గంటలు, వాన వెలిసి ఎండ కాస్తోంది. నేను గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు పోయే వాడిలా దిగాను.

గుమ్మంలో డ్రైవరు తమ్ముడు ఉన్నాడు. వేరే ఊరి నుంచి వచ్చాడు, చేతిలో నీళ్ల పైపు ముక్క ఉంది. ఒక్క మాట కూడా అనలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, ఎముక కదిలింది. రెండోది పక్కటెముకల మీద. పడిపోయాను. "లేవరా! మా అన్న లేవగలడా? నువ్వు లే!" అన్నాడు.

లేవకుండా ఉండాల్సింది. దెబ్బలు తిని ఊరుకుని ఉంటే ఆ పిల్ల కుడి గడిలో ఒక ముక్క రాసుకునేదేమో. కానీ నా ఒంటికి తెలిసింది ఒకటే. అతని కాళ్లు పట్టి లాగి, మీద కూర్చుని, జుట్టు పట్టుకుని అతని తలను మెట్టు అంచుకు కొట్టాను. ఒకసారి. ఇంకోసారి. మెట్టు ఎర్రబడింది. చెవి చీలి వేలాడుతోంది. మళ్లీ ఎత్తాను.

అప్పుడు వినపడింది. "ఒకటి... రెండు... మూడు... నాలుగు..."

పాప అరవడం లేదు. ఏడవడం లేదు. రెండు మెట్ల పైన నిలబడి, కళ్లు తెరుచుకుని, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని ఊపిరి లెక్కపెడుతోంది. "ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు... ఆరు." మళ్లీ మొదటి నుంచి. మేడమ్ నేర్పినట్టే, ఒక్క అంకె తప్పకుండా.

నా చెయ్యి ఆగింది. అతను కిందనుంచి పాక్కుంటూ వీధిలోకి పోయాడు. పాప లెక్క ఆపలేదు. మా ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తుకుంటే, ఆమె భుజం మీంచి కూడా లెక్కపెడుతూనే ఉంది.

నేను నిలబడి చొక్కా కొనతో ముఖం తుడుచుకున్నాను. నడుచుకుంటూ పోలీస్ స్టేషనుకు వెళ్లాను.

లోపల ఇన్‌స్పెక్టరు టీ తాగుతున్నాడు. వంతెన దగ్గర డ్రైవర్ని కొట్టింది నేనని చెప్పాను. ఇందాక ఇంకొకణ్ని కొట్టానని కూడా చెప్పాను. ఆయనకు చిరాకేసింది. "ఆ కేసు అయిపోయింది కదయ్యా. ముసలాడి పేరు మీద కాగితాలన్నీ రాసేశాం. మళ్లీ మొదట్నుంచి రాయాలా?"

"రాయండి," అన్నాను.

"ఎవరన్నా పంపించారా నిన్ను?"

"లేదు."

నన్ను ఎగాదిగా చూసి, కొత్త కాగితం తీశాడు.

రెండు రోజులకు కండక్టరును వదిలారు. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే వరండాలో ఎదురయ్యాడు. కుంటుతున్నాడు. దగ్గరికొచ్చి, ఉన్న బలమంతా పెట్టి చెంప మీద కొట్టాడు. చేతికి దెబ్బ తగిలి తనే అబ్బా అన్నాడు. "లోపల బల్ల కింద నా షుగరు మాత్రలుండిపోయాయి," అన్నాడు తర్వాత. "కానిస్టేబులుకిచ్చి పంపు. మర్చిపోకు, వెధవా."

సమ్మె యాభై ఒకటో రోజున ముగిసింది. అడిగిన వాటిలో సగం కూడా రాలేదని జైల్లో ఎవరో చెప్పారు. కేసులు ఎత్తేయలేదు. నా ఉద్యోగం పోయింది. పద్నాలుగు నెలల శిక్ష పడింది. డ్రైవరు కోర్టుకు కర్రతో వచ్చాడు. నావైపు చూడకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు, ఒక్క మాట ఎక్కువ గానీ తక్కువ గానీ చెప్పలేదు.

మా ఆవిడ నెలకోసారి వచ్చేది. నా గురించి అడిగేది కాదు, పాప గురించి చెప్పేది. నిచ్చెన మళ్లీ అడుగు మెట్టు నుంచి మొదలయింది. మూడు నెలలు పట్టింది బస్టాపు దాకా రావడానికి. ఒకసారి, "నిన్న ఒక్కతే కింది వాటాకి వెళ్లింది," అంది. "ఆయన దగ్గర అరగంట కూర్చుంది. 'లేవద్దంటే లేవలేదు చూడు, అందుకే నీకేం కాలేదు, మంచి పని చేశావు కండక్టరమ్మా' అన్నాడట. మాట ఇంకా ముద్దముద్దగానే వస్తుంది ఆయనకి."

"నన్ను అడుగుతుందా?"

"అడగదు. స్కూలుకి బస్సులోనే పోతోంది," అంది. ఆ ఏడాదిలో నేను విన్న మంచి మాట అదొక్కటే.

బయటికొచ్చాక ఇంటికి రమ్మని ఆవిడ అనలేదు, వస్తానని నేనూ అనలేదు. టైర్లు బాగుచేసే షాపు పైన గది తీసుకుని అక్కడే పనికి కుదిరాను. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున తలుపు తెరిస్తే తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. పాప నా భుజం దాకా ఎదిగింది.

"నేను కింద ఉంటాను," అంది మా ఆవిడ పాపతో. "తలుపు తీసే ఉంటుంది."

ఆమె మెట్లు దిగిపోయింది. పాప గుమ్మానికి దగ్గరున్న కుర్చీలో కూర్చుంది. సంచీ ఒళ్లోనే పెట్టుకుంది. నేను బల్లకు ఇవతల కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"నాన్నా," అంది. ఏడాదిన్నర తర్వాత ఆ పిలుపు. "చేతులు కనపడేట్టు పెట్టుకో."

రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. అరచేతులు కిందికి. అది మెడ ముందుకు చాచి వాటిని చూసింది. నేను వేలు కూడా కదపలేదు. కింద టైరులోకి గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ మచ్చ ఏంటి?" అంది, కుడి చేతి కణుపు మీద తెల్లటి గీతను చూపిస్తూ.

పనిలో తెగిందని అనొచ్చు. అలా అనడానికి నోరు తెరిచాను కూడా.

"మావయ్య పన్ను," అన్నాను. "ఆ రోజు గుచ్చుకుంది."

దాని ఊపిరి ఒక్కసారి పైకి వచ్చింది. లెక్కపెడుతుందనుకున్నాను, పెదాలు కదలలేదు. గుమ్మం వైపు చూసింది. లేస్తుందనుకున్నాను. సంచీ ఒళ్లోంచి తీసి నేల మీద పెట్టింది.

"మరి దాని పక్కది?"

"అది బ్రేకు డ్రమ్ము. నువ్వు పుట్టకముందు."

"మరి బొటనవేలు మీదది?"

ఒక్కొక్కటే అడిగింది. ఒక్కొక్కటే చెప్పాను.